ముల్కీ, దెహ్లవీ, మాడపాటి

నాంపల్లి రైల్వే స్టేషన్ పేరు కాగితాల మీద ‘హైదరాబాద్ దక్కన్’. 1907లో కట్టిన ఆ స్టేషన్‌ను ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. అందరికీ అది నాంపల్లి స్టేషనే. మా నాయన అక్కడ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరేనాటికి ఈ ఉపఖండంలో రెండు హైదరాబాదులుండేవి. ఒకటి మూసీ ఒడ్డున, ఇంకొకటి సింధు ఒడ్డున. రెండింటికీ రైలుండేది, రెండింటికీ టపా వెళ్ళేది. మూట మీద ఒట్టి ‘హైదరాబాద్’ అని రాస్తే అది ఎటు పోతుందో దేవుడికే ఎరుక. అందుకని ఒకదానికి ‘దక్కన్’ అనీ, ఇంకొకదానికి ‘సింద్’ అనీ చేర్చి రాసేవాళ్ళు. 1947లో సరిహద్దు గీత పడి సింద్ హైదరాబాదు వేరే దేశమైపోయింది. ఇక మూటలు తారుమారయ్యే భయం లేదు. అయినా ‘దక్కన్’ మాత్రం పోలేదు. మా నాయన రిటైరయ్యాక చుట్టాలకు ఉత్తరం రాసినా, పైన కుడివైపు మూలన తేదీ వేసి ‘హైదరాబాద్ దక్కన్’ అనే రాసేవాడు.

నేను పుట్టింది నాంపల్లిలో. డిగ్రీ చదివింది నుమాయిష్ మైదానంలోనే ఉన్న వనితా మహావిద్యాలయంలో. ఆ తర్వాత బతుకంతా తెలుగు పాఠాలు చెప్పాను. ఊరి పేరు ఇంకో మాటకు అంటుకుని ‘ఫలానా ఊరి’ అనే అర్థం ఇవ్వడం వ్యాకరణంలో చిన్న సంగతి. పిల్లలకు దాన్ని ఒక్క పూటలో చెప్పేయవచ్చు. కానీ ఆబిడ్స్, నాంపల్లి మధ్య నేను తిరిగిన ఆ కాస్త మేరలోనే ఆ చిన్న సంగతి ఉద్యోగాలిచ్చింది, ఉద్యోగాలు తీసింది, ఊరేగింపులు నడిపింది, ప్రాణాలు కూడా తీసింది. దాని చరిత్రను ఒకచోట పెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది.

ముందు ఈ రెండు పేర్ల సంగతి. కుతుబ్‌షాహీల కొలువులో నేక్‌నామ్ ఖాన్ అనే సర్దారు ఉండేవాడని, ఆయన పేరుమీదే నాంపల్లి వెలిసిందని పెద్దలు చెప్తారు. ఆబిడ్స్ సంగతి ఇంకా స్పష్టం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా దేశస్థుడు పనిచేసేవాడు. ఆయన పెట్టిన దుకాణం ఆ చౌరస్తాకే గుర్తయింది. పేరు చివరి ‘స్’ ఇంగ్లీషువాళ్ళ షష్ఠీ విభక్తి, ‘ఆబిద్ గారిది’ అని దాని అర్థం. దుకాణం పోయింది, ఆబిద్ పోయాడు, షష్ఠీ విభక్తి మిగిలింది. పక్కనే గన్‌ఫౌండ్రీ. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమాన్ ఫిరంగులు పోతపోయించిన చోటు అది. పాతవాళ్ళు దాన్ని ‘తోప్ కా సాంచా’ అనేవాళ్ళు. ‘ఫిరంగీ’ అంటే మొదట ఫ్రాంకుల దేశపువాడు, అంటే యూరపువాడు. ఆ దేశపువాడు తెచ్చిన ఆయుధానికి తెలుగులో ఆ దేశపు పేరే ఖాయమైంది. ఇవాళ ఫిరంగి అంటే తుపాకుల పెద్దన్నే తప్ప, అందులో ఒక దేశం దాగి ఉందని ఎవరికీ తట్టదు.

ఇక్కడ మనిషి పేరు చోటుకు పోయింది. చోటు పేరు మనిషికి వచ్చిన సంగతి చూడాలంటే నాంపల్లిలోనే యూసుఫైన్ దర్గాకు పోవాలి. ఆ ఆవరణలో దాగ్ దెహ్లవీ సమాధి ఉంది. ఉర్దూ గజల్‌లో ఆయన పేరు తెలియనివాళ్ళుండరు. 1831లో ఢిల్లీలో పుట్టాడు, ఎర్రకోటలో పెరిగాడు. 1857 తర్వాత ఆ కోట, ఆ కొలువు చెదిరిపోతే రాంపూర్ పోయాడు, చివరికి హైదరాబాదు చేరి మహబూబ్ అలీ ఖాన్‌కు కవిత్వంలో ఉస్తాదు అయ్యాడు. 1905లో ఇక్కడే కన్నుమూశాడు. పేరు మాత్రం ‘దెహ్లవీ’, అంటే ఢిల్లీవాడు. అదే ఆవరణలో అమీర్ మీనాయీ కూడా ఉన్నాడు. ఆయన లక్నోవాడు, 1900లో హైదరాబాదు వచ్చి ఎక్కువ కాలం బతకలేదు. ‘మీనాయీ’ ఊరి పేరు కాదు, లక్నోలోని షా మీనా అనే సూఫీ పేరు నుంచి వచ్చింది. చివర వచ్చే ‘ఈ’ మాత్రం అదే.

అరబ్బీ నుంచి పారశీకానికీ, అక్కడి నుంచి ఉర్దూకూ వచ్చిన ఈ ‘ఈ’కి ‘నిస్బత్’ అని పేరు. నిస్బత్ అంటే సంబంధం. మా గల్లీలో ముస్లిముల ఇళ్ళల్లో పిల్లకు నిస్బత్ ఖాయమైంది అంటే పెళ్ళి సంబంధం కుదిరిందని. తెలుగులోనూ అంతే కదా, వ్యాకరణంలో షష్ఠికి సంబంధార్థం, ఇంట్లో పిల్లకు సంబంధం. రెండు భాషలూ ఈ విషయంలో ఒక్కలాగే ఆలోచించాయి. ఊరితో మనిషికి ఉన్నది పుట్టుక ఒక్కటే కాదు, కుదుర్చుకున్న బంధం కూడా. దాగ్‌కు ఢిల్లీ తిరిగి దొరకలేదు. దొరకదని తెలిసే ఆయన ఆ పేరును చివరిదాకా తోడుంచుకున్నాడని నేను అనుకుంటాను.

ఇటు అమ్జద్ హైదరాబాదీ. రుబాయీలకు పేరుపడ్డ కవి. 1908 మూసీ వరదలో తల్లినీ, భార్యనూ, కూతుర్నీ కళ్ళముందే పోగొట్టుకున్నాడు. తన ఇంటిని ముంచిన ఊరి పేరును తన పేరు పక్కన పెట్టుకుని 1961 దాకా బతికాడు. దెహ్లవీ అనడంలో ఉన్నది పోయిన ఊరి మీద బెంగ. హైదరాబాదీ అనడంలో ఉన్నది విడిచిపెట్టలేని ఊరి మీద మమకారం. ఒకే అక్షరం రెండు రకాల దుఃఖాన్ని మోసింది.

తెలుగువాళ్ళం మనం ఈ పని పేరు వెనక కాక పేరు ముందు చేస్తాం. దాగ్ ముందు, దెహ్లవీ తర్వాత. మాడపాటి ముందు, హనుమంతరావు తర్వాత. మన ఇంటిపేర్లలో చాలాభాగం ఊరి పేర్లే, విభక్తి మారిన ఊరి పేర్లు. ఊరు ‘ఊరి’ అవుతుంది, కందుకూరు కందుకూరి అయినట్టు. పాడు ‘పాటి’ అవుతుంది. నాడు ‘నాటి’ అవుతుంది, వెలనాటి, ములకనాటి అన్నట్టు. వరం ‘వరపు’ అవుతుంది. గురజాడలాంటివి ఏ మార్పూ లేకుండా ఉన్నవి ఉన్నట్టే నిలబడతాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఇ, టి, తి అనే వర్ణాలను ఔపవిభక్తికాలన్నాడు. చిన్నప్పుడు ఆ మాట నోరు తిరక్క మేం నానా అవస్థ పడేవాళ్ళం. టీచరునయ్యాక పిల్లలకు నేను ముందు హాజరుపట్టీ తీసి అందులోని ఇంటిపేర్లు చదివించేదాన్ని. నీ ఇంటిపేరులో ఏ ఊరుంది, ఆ ఊరు ఎక్కడుంది అని అడిగేదాన్ని. ఊరి పేరు చెప్పేవాళ్ళు చాలామంది. ఆ ఊరు ఎక్కడుందో చెప్పేవాళ్ళు తక్కువ. ఎన్నో తరాల కిందట ఎవరో ఒక ఊరు వదిలి ఇంకో ఊరు చేరారు. కొత్త ఊరివాళ్ళు వాళ్ళను పాత ఊరి పేరుతో పిలిచారు. సొంత ఊళ్ళో ఉన్నంతకాలం ఎవర్నీ ఆ ఊరి పేరుతో పిలవరు. ఊరు విడిస్తేనే ఊరు పేరులోకి వస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ బూర్గుల రామకృష్ణారావు. ఆయన ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామం బూర్గుల. హైదరాబాదులో వకీలుగా, నాయకుడిగా పేరు తెచ్చుకున్నాక ఇంటిపేరు వెనక్కి పోయి ఊరి పేరు ముందుకొచ్చింది. 1952లో ఆయన హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఊరి పేరుతో పిలిపించుకున్న ఆ మనిషి కొలువులోనే ‘నువ్వు ఏ ఊరివాడివి’ అన్న ప్రశ్న తుపాకీ కాల్పుల దాకా పోయింది. ఆ సంగతికి రావాలంటే ‘ముల్కీ’ అనే మాటను మొదటి నుంచి చెప్పాలి.

ముల్క్ అంటే దేశం, రాజ్యం. ముల్కీ అంటే ఈ దేశపువాడు. కాని ఆ మాటకంటే ఆ తగువు పాతది. బహమనీల కాలంలోనే దక్కన్‌లో రెండు పక్షాలుండేవి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు దక్కనీలు. ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియాల నుంచి వచ్చినవాళ్ళు ఆఫాకీలు. ఆఫాక్ అంటే దిక్కులు, దిగంతాలు. దిగంతాల నుంచి వచ్చినవాళ్ళన్నమాట. ఆ వైరంలోనే 1481లో మహమూద్ గవాన్ తల పోయింది. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వచ్చి, బీదర్‌లో గొప్ప మదర్సా కట్టించి, రాజ్యాన్ని నిలబెట్టిన మంత్రి ఆయన. గవాన్ అన్నదీ ఆయన పుట్టినూరి పేరే. కొలువులో పదవులు ఎవరికి అన్నది అసలు తగువు, పుట్టిన చోటు దానికి పెట్టిన పేరు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత హైదరాబాదులో అదే తగువు మళ్ళీ మొదలైంది. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ పాలనను సంస్కరించడానికి ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్ళను పిలిపించాడు. వచ్చినవాళ్ళు తమవాళ్ళను తెచ్చుకున్నారు. ఇక్కడివాళ్ళు తమకు మిగిలిందేమిటని అడిగారు.

1919లో ఏడవ నిజాం ఫర్మానా ఇచ్చాడు. ముల్కీ ఎవరో అందులోని నిబంధనలు తేల్చాయి. పుట్టుకతో హైదరాబాదు రాజ్యపు ప్రజ అయినవాడు ముల్కీ. లేదా కనీసం 15 ఏళ్ళు ఇక్కడే స్థిరంగా ఉండి, పాత ఊరికి తిరిగిపోయే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇచ్చినవాడు ముల్కీ. తండ్రి 15 ఏళ్ళ సర్కారీ నౌకరీ పూర్తిచేసి, బిడ్డ పుట్టేనాటికి కొలువులో ఉంటే ఆ బిడ్డ ముల్కీ. ముల్కీకి భార్య అయిన స్త్రీ ముల్కీ.

ఈ నిబంధనల్లో నన్ను ఎప్పుడూ ఆపేది ఆ రెండోది. పదిహేనేళ్ళు ఉండటం లెక్క. దాన్ని రేషను కార్డో, అద్దె చీటీయో చెప్తుంది. తిరిగిపోయే ఆలోచన మానుకోవడం లెక్క కాదు, మనసు. మనసులో ఉన్న ఊరిని వదిలేశానని స్టాంపు కాగితం మీద రాసివ్వమంది సర్కారు. దాగ్ దెహ్లవీ బతికి ఉండి ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సివస్తే, సంతకంలోనే ఢిల్లీ ఉండేది. నాలుగో నిబంధన ఆడదానిగా నన్ను ఆపుతుంది. ఆమె ఏ ఊరిదో ఆమెను అడగలేదు, ఆమె భర్తను అడిగారు.

1930ల నాటికి ‘ముల్కీ’ ఒక జెండా అయింది. ఉర్దూ మాధ్యమంలో చదివించే ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులు బయటికొస్తున్నారు. పెద్ద కొలువుల్లో ఇంకా బయటివాళ్ళే. హైదరాబాదు హైదరాబాదీలదే అంటూ నిజామ్స్ సబ్జెక్ట్స్ లీగ్ వచ్చింది, దాన్ని ముల్కీ లీగ్ అనే పిలిచేవాళ్ళు. ఆ వాతావరణంలోనే 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు నాంపల్లిలో ఒక పని చేశారు. రాజ్యంలో తయారయ్యే సరుకులన్నీ ఒకచోట చూపించాలని పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రదర్శన పెట్టారు. పేరు ‘నుమాయిష్ మస్నూఆతే ముల్కీ’, అంటే ముల్కీ వస్తువుల ప్రదర్శన. చేతిలో రెండున్నర రూపాయల పెట్టుబడి, సుమారు యాభై దుకాణాలు, పది రోజులు. నిజాం తన పుట్టినరోజున ప్రారంభించాడు. దానికి అనుమతి ఇచ్చిన ప్రధాని సర్ అక్బర్ హైదరీ బొంబాయిలో పుట్టినవాడు. 1946లో దాన్ని ఇప్పటి మైదానానికి మార్చినప్పుడు ప్రధాని మైసూరు దివానుగా పేరుపొందిన సర్ మీర్జా ఇస్మాయిల్. ముల్కీ ప్రదర్శనకు చోటిచ్చిన ఇద్దరూ పుట్టుకతో ముల్కీలు కారు. అది నాకు ఎంతో నచ్చే సంగతి.

ఆ ‘ముల్కీ’ ఎంత పెద్దదో ఇప్పటివాళ్ళకు ఊహకు రాదు. బీదర్ బీదరీ సామాను ముల్కీ. ఔరంగాబాదు హిమ్రూ, పైఠణీ చీర ముల్కీ. నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి తీగపని, గద్వాల, నారాయణపేట చీరలు ముల్కీ. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ ముల్కీ భాషలు. 1956లో రాజ్యాన్ని భాషల లెక్కన విడదీసినప్పుడు బీదర్ మైసూరుకు, ఔరంగాబాదు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నల్లటి లోహం మీద వెండి తీగ పొదిగిన ఆ బీదరీ పాన్‌దాన్ ఆబిడ్స్ దుకాణాల అద్దాల వెనక అలాగే ఉంది, కాని ముల్కీ సరుకు కాస్తా పొరుగు రాష్ట్రపు సరుకైంది. అంతకుముందే ప్రదర్శన పేరూ మారింది. 1947లోనూ, 1948లోనూ జరగలేదు. 1949లో రాజాజీ ప్రారంభించినప్పుడు అది అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. ముల్కీ పోయి అఖిల భారత వచ్చింది. జనం మాత్రం రెండూ వదిలేసి ‘నుమాయిష్’ అన్నారు.

నేను కాలేజీలో ఉండగా జనవరి వచ్చిందంటే మా తరగతి గదుల చుట్టూ దుకాణాలు లేచేవి. లక్నవీ చికన్ కుర్తాలు, కశ్మీరీ శాలువలు, జైపురీ రజాయిలు. ఉత్తరాది సరుకంతా ‘ఈ’తో ముగిసేది. మనవి మాత్రం గద్వాల చీర, పోచంపల్లి చీర, కొండపల్లి బొమ్మ. ఊరి పేరు ముందు పెడితే చాలు, ఏ తోకా అక్కర్లేదు. అమ్మ నారాయణపేట చీర బేరం చేసేటప్పుడు ‘ఇది నారాయణపేటదేనా’ అని అడిగేది. అమ్మేవాడు కొంగు తిప్పి గళ్ళు చూపించేవాడు. ఊరి పేరంటే ఆమెకు హామీ. నేతలో ఆ ఊరి చెయ్యి కనబడాలి.

మళ్ళీ మనుషుల దగ్గరికి. 1948 పోలీసు చర్య తర్వాత కొత్త పాలన నడపడానికి మద్రాసు, బొంబాయి ప్రాంతాల నుంచి ఉద్యోగులు వచ్చారు. బళ్ళలో ఉర్దూ తగ్గింది, తెలుగూ ఇంగ్లీషూ తెలిసిన టీచర్లు కావాల్సివచ్చింది. కోస్తా నుంచి వచ్చినవాళ్ళకు దొంగ ముల్కీ సర్టిఫికెట్లు దొరుకుతున్నాయని మాట పుట్టింది. 1952లో వరంగల్‌లో మొదలైన విద్యార్థుల గొడవ హైదరాబాదుకు పాకింది. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’, ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అని నినాదాలు. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గరా, చుట్టుపక్కలా పోలీసు కాల్పులు జరిగి విద్యార్థులూ జనమూ చనిపోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. ఆ నినాదంలోని ఇడ్లీ నాకు ఇప్పటికీ బాధ. కోపం నిజం, ఆకలి నిజం, పోయిన ఉద్యోగాలు నిజం. కాని ఒక మనిషి పళ్ళెంలోది చూసి వాడి ఊరు చెప్పడం మొదలైతే ఎక్కడ ఆగుతుంది? ఆబిడ్స్‌లో ఉడిపి హోటళ్ళ ముందు ఆనాడూ జనమే, ఈనాడూ జనమే.

1956లో పెద్దమనుషుల ఒప్పందం, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు. 1957లో పార్లమెంటు చట్టం, దాని కింద తెలంగాణ కొలువులకు 15 ఏళ్ళ నివాసం షరతు. 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని నివాసం షరతును కొట్టేసింది. ఆ ఏడాది కాలేజీలు మూతపడ్డాయి, నాంపల్లి రోడ్లలో ప్రత్యేక తెలంగాణ కోసం ఊరేగింపులు, కర్ఫ్యూలు. మా ఇంట్లో మగవాళ్ళంతా జై తెలంగాణ. ఆ ఏడాది పోయినవాళ్ళ స్మారకం పబ్లిక్ గార్డెన్స్‌కు ఎదురుగా గన్‌పార్కులో ఉంది, ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు నిజాం నాటి ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. వెంటనే ఆంధ్ర వైపున జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో పార్లమెంటు ముల్కీ నిబంధనలను రద్దు చేసింది. ఆరు సూత్రాల పథకం వచ్చింది, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ముల్కీ, నాన్ ముల్కీ పోయి లోకల్, నాన్ లోకల్ వచ్చారు.

మాట మారడంతో కొలత కూడా మారింది. పుట్టుక కాదు, తండ్రి నౌకరీ కాదు, మనసు మార్చుకున్న ప్రమాణపత్రం కాదు. ఎక్కడ చదువుకున్నావన్నదే లెక్క. అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఏ ప్రాంతపు బడిలో ఉంటే ఆ ప్రాంతపు లోకల్ అనేవాళ్ళు. తెలుగు ఇళ్ళల్లో పిల్లల ఎంసెట్ ఫారం నింపే రోజున ‘ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లున్నాయా’ అన్న మాట వినబడని ఇల్లు ఉండేది కాదు. నా పెళ్ళి గుంటూరు జిల్లా మనిషితో అయింది. మా ఆయన ఇంటిపేరు ‘పాటి’తో ముగుస్తుంది, మా పిల్లలు ఆబిడ్స్ బళ్ళో చదివి హైదరాబాదు లోకల్ అయ్యారు. మా మామగారు వాళ్ళను ‘మా తెలంగాణ పిల్లలు’ అనేవారు, మా నాయన ‘మా ఆంధ్ర పిల్లలు’ అనేవాడు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు, అది నేను దగ్గరుండి చూశాను.

‘ఆంధ్ర’ అన్న మాటది ఇంకో ప్రయాణం. దాన్ని చూడాలంటే ఆబిడ్స్ నుంచి తిలక్ రోడ్డుకు నడిస్తే చాలు. 1901లో సుల్తాన్ బజార్ దగ్గర పెట్టిన గ్రంథాలయం పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. 1921 నవంబర్‌లో ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి పుట్టిన సంఘం పేరు ఆంధ్ర జనసంఘం. దాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావుకు బిరుదు ఆంధ్ర పితామహుడు. ఆయన పుట్టింది కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో, పెరిగింది సూర్యాపేటలో, కష్టపడింది హైదరాబాదు కోసం. అప్పుడు ఆంధ్ర అంటే తెలుగు. నిజాం రాజ్యంలో తెలుగువాడు తన భాష పేరు గట్టిగా చెప్పాలంటే ఆ మాటే వాడాడు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిందీ ఆంధ్ర మహాసభే. అదే ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో సంచిక తెచ్చినప్పుడు మాత్రం ‘గోలకొండ కవుల సంచిక’ అని పేరు పెట్టాడు. భాషకు ఆంధ్ర, గడ్డకు గోలకొండ. ఆయన తూకం అంత సరిగ్గా ఉండేది.

1953లో మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అప్పటినుంచి ‘ఆంధ్ర’ మెల్లగా సముద్రంవైపు జరిగింది. 1969 నాటికి నాంపల్లిలో ఆ మాటకు అర్థం ‘వాళ్ళు’. మాట కదల్లేదు, దాని కింద నేల కదిలింది.

ఊరి పేరు మనుషులతో పాటు ఎంత దూరమైనా పోతుందనడానికి మొజంజాహీ మార్కెట్ దగ్గర ఇంకో గుర్తుంది. దేశ విభజనలో సింద్ విడిచివచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో అక్కడ పెట్టింది కరాచీ బేకరీ. పోగొట్టుకున్న ఊరి పేరు బిస్కట్ డబ్బా మీద రాసుకున్నాడు. ఫ్రూట్ బిస్కట్లు ఊరు దాటి వెళ్ళే ప్రతి హైదరాబాదీ సంచిలోకి చేరాయి. 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు శాఖలో బోర్డు మీది ‘కరాచీ’ అన్న మాటను గుడ్డతో కప్పాల్సివచ్చింది. దేశం విడిచి వచ్చిన మనిషి దుఃఖాన్ని ఆ దేశపు జెండా అనుకున్నారు. ఇది నాకు మింగుడుపడని అన్యాయం. అటు కరాచీలో హైదరాబాద్ కాలనీ ఉంది. ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ స్థిరపడి మన పచ్చళ్ళూ, ఖట్టీ దాల్, బగారా బైంగన్ నిలబెట్టారు. వాళ్ళు అక్కడ హైదరాబాదీలు. సింద్ హైదరాబాదు నుంచి భారతదేశానికి వచ్చిన సింధీలూ తమలో తాము హైదరాబాదీలే. కరాచీలో ‘మీరు హైదరాబాదీయా’ అని అడిగితే ‘ఏ హైదరాబాదు’ అని తిరిగి అడగాలి. మా నాయన మూటల మీద రాసిన ఆ రెండో మాట అక్కడ ఇంకా అవసరమే.

మా అమ్మకు బడి చదువు లేదు. పెళ్ళయి నాంపల్లి వచ్చాక తిలక్ రోడ్డులోని పరిషత్తువాళ్ళ పరీక్షలు, ప్రాథమిక, ప్రవేశ, ఆ తర్వాత విశారద, ఒకదాని వెనక ఒకటి రాసింది. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఛందస్సు గణాలు లెక్కపెట్టేదట. 1943లో మొదలైన నాటికి ఆ సంస్థ పేరు నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు. నిజాం రాష్ట్రం పోయాక ఆంధ్ర సారస్వత పరిషత్తు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక తెలంగాణ సారస్వత పరిషత్తు. అమ్మ పట్టాల మీద ‘ఆంధ్ర’ అని ఉంటుంది. 1969లో ఇల్లంతా జై తెలంగాణ అంటున్న రోజుల్లో మా చిన్నాయన ఆ పట్టా గోడ మీదనుంచి తీసెయ్యమన్నాడు. అమ్మ తియ్యలేదు. ‘నాకు చదువు చెప్పిన పేరు అది’ అంది. పరిషత్తు పేరు మారిందని నేను చెప్పేనాటికి ఆమె మంచంలో ఉంది. మంచిదే, మనూరి పేరు పెట్టుకున్నారు అంది. పట్టా మాత్రం గోడ మీదే ఉంచమంది. ఇప్పుడు తిలక్ రోడ్డుకు ఆటో ఎక్కితే నేనూ, ఆటో అబ్బాయీ ముందుమాట వదిలేసి ఒట్టి ‘పరిషత్తు’ అనే అంటాం.